ఆకు దూసిన చెట్టు

మా ఆయన రూలోఫ్ వట్టి మొండిమనిషి. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు గానీ, ఆయన మొండితనం చెప్పకుండా మా ఆపిల్ చెట్టు సంగతి చెప్పడం నా వల్ల కాదు.

మేము హాలండ్ వదిలి జావా దీవికి వచ్చి పదకొండేళ్ళయింది. ఆయన ట్రాము నడిపేవాడు, నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఉద్యోగాలు అయిపోయాక, "నీ మోకాళ్ళకి చలి పడదు హన్నెకే, వేడి దేశానికి పోదాం" అని బయల్దేరదీసింది ఆయనే. తీరా వచ్చి ఇల్లు తీసుకున్నది ఎక్కడ? స్వెట్టరు లేకుండా తెల్లవారని కొండ ఊళ్ళో. ఎందుకయ్యా అంటే ఇక్కడ ఆపిల్ తోటలున్నాయి. ఆయన పుట్టి పెరిగింది ఆపిల్ తోటలో. వాళ్ళ నాన్న ఆ తోట అమ్ముకున్న రోజు తను ఎలా ఏడ్చాడో పెళ్ళికి ముందే నాకు చెప్పాడు. అటువంటివాడికి భూమధ్యరేఖ పక్కన ఆపిల్ చెట్లు కనబడితే ఇంక నా మోకాళ్ళు ఎవరికి కావాలి?

వచ్చిన మొదటి వానాకాలంలోనే పెరట్లో, పక్కింటి గోడవారన ఒక మొక్క నాటాడు. అది ఏపుగా పెరిగింది. కొమ్మలు వేసింది, నీడనిచ్చింది, పిట్టలకి గూళ్ళిచ్చింది. పూత మాత్రం లేదు. ఎనిమిదేళ్ళలో పట్టుమని పది పూలు పూసి ఉండదు.

ఆపిల్ చెట్టు పూయాలంటే ఆకు రాల్చి చలిలో కొన్నాళ్ళు నిద్రపోవాలి. ఇక్కడ ఉన్నవి వానల కాలం, వానల్లేని కాలం, అంతే. ఆకు రాలదు, చెట్టు నిద్రపోదు. అందుకని ఈ ఊరి రైతులు కాయ కోసేశాక ఆకంతా చేత్తో దూసేస్తారు. ఒక్కటి మిగల్చరు. బోడిగా నిలబడ్డ చెట్టు, చలికాలం వచ్చి వెళ్ళిపోయింది కాబోలనుకుని, నెల తిరిగేసరికి విరగబూస్తుంది. అలా ఏడాదికి రెండు కాపులు తీస్తారు.

పక్కింటి వాగిమన్‌కి కొండ మీద ఆరువందల చెట్లున్నాయి. ఏటా వానలు తగ్గగానే గోడ దగ్గరికి వచ్చి ఒకటే పాట.

"ఓపా, ఈసారైనా దూసేద్దామా? మా వాళ్ళు గంటలో కానిచ్చేస్తారు."

ఓపా అంటే మా భాషలో తాతగారు. నన్ను ఓమా అంటారు. ఈ రెండు మాటలూ ఇక్కడివాళ్ళకి ఏనాటినుంచో తెలుసు. మేమేమో పెద్దవాళ్ళని ఇక్కడి మర్యాద ప్రకారం మగవాళ్ళయితే పాక్ అనీ, ఆడవాళ్ళయితే బు అనీ పిలుస్తాం.

"ఆకు చెట్టే రాల్చాలి పాక్. మనం పీకడం దౌర్జన్యం" అనేవాడు రూలోఫ్.

"అది రాల్చదే!"

"రాల్చినప్పుడు రాలుస్తుంది."

"ఎప్పుడండీ, ఇక్కడ మంచు కురిశాకా?"

"నవ్వండి, నవ్వండి. మా నాన్న యాభై ఏళ్ళు ఆపిల్ పండించాడు."

"మీ నాన్నగారికి దేవుడు మంచు పంపించాడు. మాకు పది వేళ్ళిచ్చాడు. ఎవరికిచ్చింది వాళ్ళు వాడుకోవాలి కదండీ!"

రోజూ ఇదే వరస. పొద్దున ఏడు గంటలకి రూలోఫ్ పెరట్లో వాన కొలిచే గొట్టం చూసి పుస్తకంలో రాసుకునేవాడు. అదే వేళకి కాఫీ గ్లాసుతో వాగిమన్ గోడ దగ్గరికి వచ్చేవాడు. అరగంట వాదన. కొమ్మలు తాళ్ళతో కిందికి వంచాలని వాగిమన్, వంచితే నడుం విరుగుతుందని రూలోఫ్. బూజు తెగులుకి ఏం కొట్టాలని ఒకరు, ఏమీ కొట్టకూడదని ఒకరు. ఒక్కరోజు కూడా ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు, ఒక్కరోజు కూడా మానుకోలేదు. నేను వంటింట్లో రొట్టె కాల్చుకుంటూ, ముసలాళ్ళకి పనీపాటా లేదని విసుక్కునేదాన్ని.

రూలోఫ్ క్రిస్మస్ ముందురోజు పోయాడు, మూడేళ్ళు కావస్తోంది. గుండె ఆగిపోయింది. ఆ పొద్దున నలభై మూడు మిల్లీమీటర్ల వాన రాసుకుని, బూట్లు విప్పుకుంటూ అలాగే ఒరిగిపోయాడు. కొండవాలులో క్రైస్తవుల శ్మశానం ఉంది. అక్కడ పూడ్చి, చెక్క సిలువ పాతారు. తర్వాత రాయి పెట్టించాలి. నేను పెట్టించలేదు. రాయి చెక్కే అతను రెండుసార్లు కబురు చేశాడు, పేరు ఎలా చెక్కాలో కాగితం మీద రాసిమ్మని. కాగితం తీసుకునేదాన్ని, మొదటి అక్షరం రాసేదాన్ని, కాగితం ఉండచుట్టి పారేసేదాన్ని.

వాన కొలవడం మాత్రం మానలేదు. ఆయన పుస్తకంలోనే, ఆయన గీతల కిందే నేను రాయడం మొదలుపెట్టాను. ఏడు గంటలకి వాగిమన్ కూడా మానకుండా గోడ దగ్గరికి వచ్చేవాడు. మాకు వాదించుకోవడానికేం ఉంటుంది?

"రాత్రి ఎంత పడింది ఓమా?"

"పన్నెండు."

"పన్నెండా! పర్వాలేదు."

అంతే. అయిదు నిమిషాలు నిలబడి కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. వానలు లేని నెలల్లో కూడా అడిగేవాడు. సున్నా అంటే, సున్నా కూడా మంచిదే, పూతకి మంచిది అనేవాడు. ఆ అయిదు నిమిషాలు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో నాకు తెలియదు. అప్పుడు ఈ మాట ఆయనతో అనలేదు. అని ఉండాల్సింది.

ఈ ఏడు ఆగస్టులో, నేను ఈ దేశంలో ఉండడానికిచ్చిన అనుమతి పత్రాలు పొడిగించుకోవడానికి మలాంగ్ పట్నానికి వెళ్ళాను. వేలిముద్రలు, ఫోటో, సంతకాలు అయ్యేసరికి మధ్యాహ్నమైంది. మూడింటికి ఇల్లు చేరి గేటు తీశాను.

మా చెట్టు బోడిగా ఉంది.

ఒక్క ఆకు లేదు. నీడ లేదు. వంకర కొమ్మలు, వాటి వెనక ఆకాశం. కింద రెండు గంపల నిండా ఆకులు. వాగిమన్ నిచ్చెన మీద నిలబడి ఒక కొమ్మని తాడుతో వంచి కడుతున్నాడు. ఆయన భార్య సులియా చీపురుతో కింద ఊడుస్తోంది. తోటలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు గంపలు ఎత్తుకోబోతున్నారు.

నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది. "వచ్చేశారా ఓమా! మీరొచ్చేలోపు అయిపోవాలని..."

నేను మాట పూర్తికానివ్వలేదు. నాకు కోపం వస్తే ఒళ్ళు తెలియదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పిల్లల్ని హడలగొట్టిన గొంతు నాది. ఎవరిని అడిగి నా పెరట్లో అడుగుపెట్టావన్నాను. దొంగలా నేను లేని రోజు చూసుకుని వచ్చావన్నాను. పదకొండేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఆయన బతికుండగా నీ మాట నెగ్గలేదు. నెగ్గడానికి ఆయన పోయేదాకా కాచుక్కూర్చున్నావు" అన్నాను, నలుగురి ముందూ.

వాగిమన్ నవ్వాడు. ఈ ఊళ్ళో మనిషికి తల కొట్టేసినట్టయినప్పుడు వచ్చే నవ్వు అది. ఇన్నేళ్ళకి ఆ తేడా నాకు తెలుసు. "సరేనండి ఓమా" అని నిచ్చెన దిగి, దాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు గంపలతో వెనకే వెళ్ళారు. సులియా చీపురు కూడా మర్చిపోయింది.

మర్నాడు ఏడు గంటలకి గోడ దగ్గర ఎవరూ లేరు.

నాకేం, రాకపోతే పోయె అనుకున్నాను. రెండో రోజూ అలాగే అనుకున్నాను. వాళ్ళింట్లో ఏదైనా ప్రత్యేకంగా వండితే అరటాకులో పొట్లం కట్టి నాకు పంపడం అలవాటు. అది మాత్రం ఆగలేదు. పొట్లం నా గడప మీద ఉంటుంది, తెచ్చినవాళ్ళు కనబడరు. ముఖం మీద తిట్టినా ఇంతకన్నా నయం. పదిరోజులుగా నా నోట్లోంచి మాటే రాలేదని గమనించాను. పిల్లులతో మాట్లాడే ముసలిదాన్ని కాకూడదని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాను గనక, పిల్లి కూడా లేదు.

పదమూడో రోజు సులియా వచ్చింది. చీపురు కోసం వచ్చానంది. చీపురు చేతిలో పట్టుకుని కదలదు.

"ఓమా, ఇవాళ్టినుంచి ఇరవై రెండో రోజుకి ఎంతమందికి వండమంటారు? నలభైమంది వస్తారు, ఎక్కువే వస్తారేమో. కోళ్ళు ఇప్పుడే చెప్పి పెట్టాలి."

"ఏంటి ఇరవై రెండో రోజు?"

"అదేనండీ, ఓపా వెయ్యో రోజు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నా ముఖం చూసింది. చీపురు గోడకి ఆనించింది.

"మీకు తెలీదా?"

"ఏది తెలీదా?"

"అయ్యో నా తల్లీ! ఏడో రోజు మేం అన్నం పొట్లం పంపలేదూ? నలభయ్యో రోజు? వందో రోజు? ఏడాదికి, రెండేళ్ళకి?"

"మీరు ఎప్పుడూ పంపుతారుగా."

"అవన్నీ ఓపా పేరుమీద మా ఇంట్లో ప్రార్థన చేయించిన రోజులు! ఆఖరుది వెయ్యో రోజు. ఆ రోజుతో పోయినవాళ్ళకి ఇక్కడ పనైపోతుంది, హాయిగా వెళ్ళిపోతారు. రాయి కూడా ఆ రోజే పెడతారు, ముందు పెట్టకూడదు. మీరు రాయి పెట్టకుండా ఆగారుగా! ఊరంతా మిమ్మల్ని ఎంత మెచ్చుకుందో తెలుసా? పరాయి దేశంనుంచి వచ్చినా ఓమాకి మన పద్ధతులన్నీ తెలుసు, వెయ్యో రోజు కోసం చూస్తోంది అని. మా ఆయనైతే చెప్పని చోటు లేదు."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"అందుకేనమ్మా ఆయన దూసింది" అంది సులియా. "ఆకు దూసిన ముప్పై అయిదో రోజుకి పూత నిండుగా ఉంటుంది. వెయ్యో రోజుకి సరిగ్గా పూసి ఉండాలని వేళ్ళ మీద లెక్కేసుకుని, మీరు పట్నం వెళ్ళే రోజు కుదిరిందని మురిసిపోయాడు. మీరొచ్చి చూసి సంతోషిస్తారని. తెలిసి కూడా మీరు అంత మాట అన్నారనుకున్నాం." చీపురు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అడుగుతున్నానని అనుకోకండి. రోజూ వాన కొలిచి రాసుకుంటారు. మీ ఆయన పోయి ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకోలేదా?"

ఆవిడ వెళ్ళాక వాన పుస్తకాలు తీశాను. రోజుకో గీత. నలభై మూడు అని ఆయన రాసిన గీత దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టాను. మూడు పుస్తకాలు. తొమ్మిదివందల డెబ్భై ఎనిమిది వచ్చింది. లెక్కల టీచర్ని కదా, మళ్ళీ లెక్కపెట్టాను. అంతే వచ్చింది. అన్ని గీతలూ నేనే గీశాను, ఒక్కసారి కూడా కూడలేదు. ఆ మధ్యాహ్నం ఆ పుస్తకాల మీద తల పెట్టుకుని బాగా ఏడ్చాను. సిగ్గుతో కొంత, ఆయన కోసం కొంత. ఎక్కువ భాగం, ఆయన ఇక్కడ ఉండేది ఇంకా ఇరవై రెండు రోజులే అయినందుకు.

మర్నాడు పొద్దున్నే వాగిమన్ తోటకి ఎక్కాను. మోకాళ్ళు అడుగడుక్కీ తిట్టాయి. పై మడిలో ఆకు దూసే పని నడుస్తోంది. పదిమంది దాకా ఉన్నారు. వాగిమన్ నన్ను చూసి తలవంచి నమస్కరించాడు, కూర్చోమని పీట చూపించాడు, టీ తెమ్మని కేకేశాడు. ఇంత మర్యాద చేస్తే ఇంక మాట్లాడేదేముంటుంది? నేను పీట మీద కూర్చోలేదు. ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి ఆకు దూయడం మొదలుపెట్టాను.

పక్కనున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఒకామె నవ్వింది. నాకు రాదు ఆ పని. గుప్పెడు పట్టుకుని లాగుతున్నాను. కాసేపటికి వాగిమన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎంతసేపు ఓర్చుకున్నాడో పాపం.

"కన్ను ఊడొస్తోంది ఓమా" అన్నాడు చివరికి. "తొడిమ మొదట్లో చిన్న మొగ్గలా ఉంది చూడండి, అదే రేపు పూయాల్సింది. ఆకొక్కటే రావాలి. ఇలా."

ఆయన చూపించినట్టు చేశాను. ఒకటి వచ్చింది, ఒకటి పాడైంది. ఆయన అక్కడే ఉన్నాడు. ఇదే అదను అనుకున్నాను.

"పాక్, నాకు తెలీదు" అన్నాను. "వెయ్యి రోజుల సంగతి నాకు తెలీదు. పద్ధతి కోసం రాయి ఆపలేదు నేను. పేరు రాయడానికి చెయ్యి రాక ఆపాను. మీరు ఊరంతా చెప్పుకున్నంత గొప్పదాన్ని కాదు. ఆ రోజు అన్నదానికి క్షమించండి."

ఆయన ఇంకో రెండు ఆకులు దూశాడు. మెచ్చుకుని చాటుకున్న మనిషి దగ్గర ఆ మాట ఒప్పుకోవడం కన్నా నాకు కష్టమైన పని ఇంకోటి లేదు.

"ఎవరికి మాత్రం చెయ్యి వస్తుందండీ?" అన్నాడు మెల్లగా. "మా అమ్మ పోయినప్పుడు నేనూ అంతే. అందుకే పెద్దవాళ్ళు వెయ్యి రోజులు గడువు పెట్టారు. తక్కువ పెడితే ఎవరూ రాయి పెట్టలేరని." తర్వాత, "అదంతా ఏముందిలెండి, మర్చిపోండి ఓమా" అని, ఎక్కడో నీళ్ళ గొట్టం కారుతోందని వెళ్ళిపోయాడు. గొట్టం ఏమీ కారడం లేదు.

క్షమించాడనే అనుకున్నాను. కానీ మర్నాడు ఏడు గంటలకి గోడ దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దారిలో కనబడితే నవ్వుతాడు, మోకాళ్ళెలా ఉన్నాయంటాడు. గోడ దగ్గరికి మాత్రం రాడు. ఇంకా ఏం చేయాలో నాకు పాలుపోలేదు. రాయి చెక్కే అతనికి మాత్రం పేరు రాసిచ్చాను. మొత్తం అక్షరాలు, తేదీలతో సహా.

చెట్టు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. కొమ్మ పొడవునా కన్నులు ఉబ్బాయి. బూడిదరంగు నూగుతో చిన్న ఆకులు విచ్చుకున్నాయి, వాటి మధ్యలోంచి గులాబీరంగు మొగ్గలు, అయిదేసి, ఆరేసి. పెరట్లో ఎనిమిదేళ్ళు ఒక మనిషి నిలబడి ఎదురుచూసింది దీనికోసమే కదా అని చూసినప్పుడల్లా అనుకునేదాన్ని. రూలోఫ్ మీద కోపం కూడా వచ్చేది. పది వేళ్ళు ఆయనకి మాత్రం లేవా?

తొమ్మిదివందల తొంభై అయిదో రోజున వాన వచ్చింది. సెప్టెంబరులో ఈ కొండ మీద వాన నేను చూడనే లేదు. విచ్చబోయే మొగ్గల మీద వాన పడితే కుళ్ళి రాలిపోతాయని ఈ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నేను బల్ల మీది గుడ్డ లాగి, స్నానాలగది తెర పీకి, గొడుగు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. డెబ్భై ఏళ్ళదాన్ని, చెట్టుకి దుప్పటి కప్పబోతున్నాను. కప్పుతుంటే జారుతుంది, జారితే మొగ్గలు రాలుతున్నాయి.

గోడకి అవతల సులియా తల కనిపించింది. "చెట్టుకి జలుబు చేస్తుందా ఓమా?"

"నవ్వకండి బు! ఏం చేయాలో చెప్పండి!"

ఆవిడ పక్కకి తిరిగి ఎవరినో అడిగింది. మళ్ళీ నా వైపు తిరిగింది. "ఆ గుడ్డలు తీసేయమంటున్నాడు. మొగ్గలు నలిగిపోతాయట."

"తీశాను. తర్వాత?"

మళ్ళీ అటు తిరిగింది. గోడ వెనక దగ్గు వినిపించింది. అది ఎవరి దగ్గో నాకు తెలియదూ? "వాన తగ్గగానే కొమ్మ కొమ్మా పట్టుకుని మెల్లగా దులపమంటున్నాడు. నీరు నిలవకూడదట. గట్టిగా దులిపితే ఊరుకోడట."

"ఆయన్నే చెప్పమనండి."

సులియా అటు చూసింది. "వెళ్ళిపోయాడు" అంది. "అబ్బబ్బ, మీ ఇద్దరితో నేను చస్తున్నాను."

వాన తగ్గింది. చీకటి పడేదాకా కొమ్మలు దులుపుతూనే ఉన్నాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు రాశాను. మొగ్గల్లో మూడో వంతు పోయాయి.

వెయ్యో రోజు పొద్దున రాయి పెట్టాం. చెక్క సిలువ మొదలు చివికిపోయింది, ఒక్క లాగుకి వచ్చేసింది. రాయి నిలిపి సిమెంటు అదుముతున్నంతసేపూ నేను దగ్గరే నిలబడ్డాను. ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. రాయి కొంచెం ఎడమకి వంగింది, సరిచేయమని ఆ అతన్ని నాలుగుసార్లు విసిగించాను.

మసీదులో మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక జనం మా పెరట్లోకి వచ్చారు. నలభై అనుకుంటే అరవై అయ్యారు. చెట్టు కింద చాపలు పరిచాం. చెట్టు పూసింది. వాన తినగా మిగిలినవే అయినా కొమ్మలకి కర్ర కనబడనంత పూత. తెలుపు, అంచుల్లో గులాబీ. అందరూ చాపల మీద కూర్చుని వాళ్ళ ప్రార్థన చదువుతుంటే రేకలు టోపీల మీద, మోకాళ్ళ మీద పడుతున్నాయి. జీవితంలో చర్చికి సరిగ్గా వెళ్ళని మనిషి కోసం, అరవైమంది ముస్లిములు అంత శ్రద్ధగా ప్రార్థిస్తున్నారు. రూలోఫ్ చూస్తే నవ్వేవాడు, తర్వాత లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకునేవాడు. అన్నం, కోడికూర, బియ్యప్పిండి అట్లు తిని, మిగిలింది పొట్లాలు కట్టుకుని, ఎండ వాలేసరికి ఒక్కొక్కరే వెళ్ళారు.

వాగిమన్ చాపలు చుడుతూ మిగిలాడు. చెట్టు వైపు వీపు పెట్టి చుడుతున్నాడు. అప్పుడు గమనించాను, వచ్చినప్పటినుంచీ ఆయన తలెత్తి పూత వైపు సరిగ్గా చూడలేదు.

"పాక్" అన్నాను. "మర్చిపొమ్మన్నారు. మరి గోడ దగ్గరికి ఎందుకు రావడం లేదు? నేను మొరటు మనిషిని. సూటిగా చెబితే తప్ప నాకు అర్థం కాదు."

ఆయన చుట్టిన చాప మీద కూర్చున్నాడు.

"మీరు ఆ రోజు అన్నది తప్పయితే మర్నాడే వచ్చేవాణ్ణండీ" అన్నాడు. "అది నిజం. అందుకని రాలేకపోయాను."

"ఏది నిజం?"

"వెయ్యో రోజు కోసమే దూశాను. అబద్ధం కాదు. కానీ ఆకు దూస్తున్నంతసేపూ లోపల ఓపాతో మాట్లాడుతూనే ఉన్నాను. చూశారా, చూశారా, ఎనిమిదేళ్ళు వద్దన్నారు, ఇప్పుడు చూడండి ఎలా పూస్తుందో అని. నెగ్గాలనే దూశాను ఓమా. మీరు సరిగ్గా అదే మాట అన్నారు." ఆయన మొదటిసారి తల ఎత్తి చెట్టు వైపు చూశాడు. ముసలి ముఖం ముడుచుకుపోయింది. "ఇదిగో, పూసింది. ఇప్పుడు ఎవరికి చూపించను?"

నాకు చూపించండి అనబోయి ఆగాను. ఆయనకి కావాల్సింది నేను కాదు. రెండున్నరేళ్ళకి పైగా రోజూ పొద్దున గోడ దగ్గరికి వచ్చి, ఎంత పడింది ఓమా అని అడిగి, పర్వాలేదని వెళ్ళిపోయిన మనిషి ఎవరికోసం వచ్చాడో నాకు అప్పుడు అర్థమైంది. నాకు తోడుగా వస్తున్నాడనుకున్నాను. ఆయనకీ తోడు పోయిందని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

లేచి చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఒక కొమ్మ వంచి పూలగుత్తి చూశాను. రూలోఫ్ చూసినట్టే, పెదవి విరిచి చూశాను.

"పూస్తే సరిపోయిందా పాక్? చెట్టుని మోసం చేసి పూయించారు. రేపు కాయ నిలిచేటప్పుడు అది మిమ్మల్ని మోసం చేస్తుంది. ఒక్కటి నిలిస్తే నన్నడగండి."

వాగిమన్ నోరు తెరిచి నన్ను చూశాడు. మెల్లగా ఆయన మెడలో నరం ఉబ్బడం కనిపించింది.

"ఏంటీ, నిలవదా?" చాప వదిలేసి లేచాడు. "ఈ పూతకి కాయ నిలవదా? ఆపిల్ గురించి మీకేం తెలుసండీ! ఆయనకి మాత్రం ఏం తెలుసు! గుత్తికి రెండు ఉంచి తక్కినవి గిల్లేస్తే ఎందుకు నిలవదు?"

"గిల్లుతారా? దూసింది చాలక ఇప్పుడు గిల్లడం కూడానా?"

"గిల్లాలి! గిల్లకపోతే కాయలు గోలీకాయలంత ఉంటాయి!"

"మా మామగారు యాభై ఏళ్ళలో ఒక్కటి గిల్లలేదు."

"అందుకే తోట అమ్ముకున్నారు!"

గోడ అవతలినుంచి సులియా గొంతు వినిపించింది. "మొదలైందా మళ్ళీ?"

ఆయన కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, వేలు ఆడిస్తూ కొమ్మ కొమ్మా చూపించి చెబుతున్నాడు. నేను ఒక్కదానికీ ఒప్పుకోలేదు. వెలుతురు తగ్గింది. చాపలు సగం చుట్టి, సగం పరిచి అలాగే ఉన్నాయి.

"ఇప్పుడు కాదు పాక్, నా మోకాళ్ళు లాగేస్తున్నాయి" అన్నాను. "రేపు పొద్దున ఏడింటికి రండి, తేల్చుకుందాం."

"వస్తానండీ" అన్నాడు వాగిమన్ కోపంగా. "ఊరికే వదిలేస్తాననుకున్నారా?"